చారిటీ షాపులో పాత సీలింగ్ ఫ్యాన్లకు రేటు ఎలా కట్టాలి?

నీలిగొడుగు
అందరికీ నమస్కారం. మా చారిటీ షాపుకి బట్టలు, పుస్తకాలు, గిన్నెలు వచ్చినంత కాలం రేట్లు కట్టడం పెద్ద పనిగా ఉండేది కాదు. ఇప్పుడు సీలింగ్ ఫ్యాన్లు రావడం మొదలైంది. ఇల్లు బాగుచేయించుకున్నవాళ్లు పాతవి దింపి తెచ్చి ఇస్తున్నారు. కొన్ని అట్టపెట్టెలో నీట్‌గా వస్తాయి. కొన్నిటికి రెక్కలు ఒక సంచిలో, మోటారు ఇంకో సంచిలో, రాడ్డు ఉంటే ఉన్నట్టు, లేకపోతే లేదు. మాలో ఒకావిడ "కొత్త ధరలో సగం పెట్టేద్దాం" అంటారు. ఇంకొకాయన "దానంగా వచ్చినదానికి రేటేంటి, ఎంతిస్తే అంత తీసుకుందాం" అంటారు. సగం రేటు పెట్టినవి కదలడం లేదు. ఎంతిస్తే అంత అన్నవి షాపు తెరవగానే సెకండ్‌హ్యాండ్ వ్యాపారులు ఎత్తుకుపోతున్నారు. మీ దగ్గర ఏదైనా పద్ధతి ఉంటే చెప్పండి.

తూనికరాయి
ముందు కింది గీత గీసుకోండి. ఆ ఫ్యాను పాత ఇనుము కొట్లో తూకానికి వేస్తే ఎంత వస్తుందో అదే మీ కనీస రేటు. మోటారులో రాగి ఉంటుంది, రెక్కలు చాలావరకు అల్యూమినియం. పని చేయకపోయినా దానికో విలువ ఉంది. అంతకంటే తక్కువకి అమ్మితే కొన్నవాడు నేరుగా కొట్టుకే పోతాడు, ఇంట్లో తిప్పుకోడు.

వైండింగ్_వీరుడు
రేటు మాట తర్వాత. తిరుగుతుందో లేదో తెలియని ఫ్యాన్‌కి రేటు కట్టడమేంటి? నేను రిపేరు పని చేసేవాణ్ణి కాబట్టి సూటిగా చెబుతున్నాను, మీ దగ్గరకొచ్చే ఫ్యాన్లు మూడు రకాలు.

తిప్పి చూసినవి, బాగున్నవి. తిరుగుతాయి కానీ చిన్న ఖర్చు ఉన్నవి, అంటే కండెన్సర్ (మోటారు తిరగడం మొదలుపెట్టడానికి సాయం చేసే చిన్న డబ్బీ) పోయింది, బేరింగ్ అరుస్తోంది, రబ్బరు బుష్ అరిగింది. ఇక మూడోవి వైండింగ్, అంటే మోటారు లోపలి తీగ చుట్లు, కాలిపోయినవి. ఈ మూడో రకానికి ఫ్యాన్ రేటు ఉండదు, పైన ఆయన చెప్పిన తూకం రేటే. రీవైండింగ్ (కొత్త తీగ చుట్టించడం) చేయించుకుంటారులే అని ఆశ పెట్టుకోకండి. ఆ కూలీకి ఇంకాస్త కలిపితే కొత్తదే వస్తుంది కదా అని ఎవరైనా అనుకుంటారు.

రెండో రకం దగ్గరే మీకు డబ్బు మిగులుతుంది. స్పీడు చచ్చిపోయిందని జనం పడేసే ఫ్యాన్లలో ఎక్కువ భాగం కండెన్సర్ కేసులే. స్విచ్ వేస్తే మూలుగుతూ కదలదు, చేత్తో తోస్తే తిరుగుతుంది అంటే ముందు అనుమానం దాని మీదే. దాని మీద 2.5 మైక్రోఫారడ్ అని రాసి ఉండి మీటర్‌లో 1.8 చూపించిందనుకోండి, మార్చేయండి. పాతదాని మీద ఎంత రాసి ఉందో కొత్తదీ అంతే ఉండాలి. స్పీడు పెరుగుతుందని ఎక్కువ విలువది వేసేవాళ్లున్నారు, మోటారు వేడెక్కి అసలుకే మోసం వస్తుంది. బేరింగులు కూడా చాలా ఫ్యాన్లలో 6201, 6202 నంబర్లే, ఎక్కడైనా దొరుకుతాయి, ఖరీదైన సరుకు కాదు.

నీలిగొడుగు
వీరుడు గారూ, మాలో ఎలక్ట్రీషియన్ ఎవరూ లేరు. రిటైరైన టీచర్లు, కాలేజీ పిల్లలు, నేను. మేము భయపడకుండా చేయగలిగింది ఏముంది?

వైండింగ్_వీరుడు
కరెంటు లేకుండానే సగం తెలిసిపోతుంది. మోటారుని రాడ్డు పట్టుకుని వేలాడదీసి చేత్తో తిప్పండి. మెత్తగా తిరిగి మెల్లగా ఆగితే బేరింగులు బాగున్నట్టే. గరగరమని చప్పుడొచ్చినా, మధ్యలో పట్టేసినట్టు ఆగినా బేరింగ్ పని ఉంది. మోటారుని అటూ ఇటూ ఊపితే లోపల లొడలొడలాడకూడదు. ముక్కు దగ్గర పెట్టి చూడండి, కాలిన వైండింగ్ వాసన ఒకసారి పీల్చినవాళ్లు మర్చిపోరు. వైర్ల తొడుగు గోటితో నొక్కితే పెళుసుగా విరుగుతుంటే పక్కన పెట్టేయండి.

తర్వాత ఒక ఎలక్ట్రీషియన్‌ని నెలకోసారి పిలవండి. సేవా పని అంటే చాలామంది ఒక పూట వస్తారు. ఆయన మెగ్గర్ (కరెంటు బాడీలోకి లీకవుతోందేమో చూసే మీటర్) పెట్టి వైండింగ్‌కీ బాడీకీ మధ్య చూస్తారు. 500 వోల్టుల మీద 1 మెగోమ్ కంటే తక్కువ చూపించిన ఫ్యాను ఎంత బాగా తిరిగినా అమ్మకండి, షాక్ కొట్టొచ్చు. తిప్పి చూడటానికి ఇనుప పైపులతో గట్టి స్టాండ్ చేయించుకోండి, పైన హుక్కు. రెక్కలు బిగించి కనీసం ఒక గంట తిప్పాలి. ఐదు నిమిషాలు బాగా తిరిగి, వేడెక్కాక మొరాయించేవి ఉంటాయి.

నేల మీద తలకిందులుగా పెట్టి, రెక్కలతో సహా స్విచ్ వేసే మహానుభావులున్నారు. వద్దు.

లెక్కల_గది
"కొత్త ధరలో సగం" అన్న ఆవిడతో ఒక చిక్కు ఉంది. ఏ కొత్త ధర? ఆ కంపెనీ ఫ్యాన్ కొత్తది ఎంతో చూసి సగం కడుతున్నారు. కొనేవాడు పోల్చి చూసేది దానితో కాదు. బజార్లో అన్నిటికంటే చవగ్గా దొరికే కొత్త ఫ్యాను, గ్యారంటీ కార్డుతో, ఎంత? దానితో పోలుస్తాడు. పేరున్న కంపెనీ మంచి మోడల్‌లో సగం అంటే ఒక్కోసారి చవకరకం కొత్తదానికి దగ్గరగా వచ్చేస్తుంది. మీ షాపులో కదలనివి అవే అయి ఉంటాయి.

కాబట్టి పై గీత, చవకరకం కొత్త ఫ్యాను. దాన్నుంచి గ్యారంటీ లేనందుకు కొంత తీసేయాలి. నా అంచనాలో, బాగా తిప్పి చూసిన, అన్ని భాగాలూ ఉన్న ఫ్యానుకి ఆ చవకరకం ధరలో మూడో వంతు నుంచి సగం లోపు. తిప్పి చూడనిదానికి తూకం రేటు మీద కాస్త.

ఇక బిగింపు కూలీ. చాలామంది దాన్ని కూడా రేటులోంచి తీసేస్తారు. నిజానికి కొత్తది కొన్నా ఆ కూలీ తప్పదు, రెండు వైపులా ఉన్న ఖర్చు లెక్కలో కొట్టేసుకుపోతుంది. అసలు భయం ఇంకోటి. పాతది బిగించాక వారంలో చెడిపోతే దింపడానికి ఒకసారి, ఇంకోటి బిగించడానికి ఇంకోసారి కూలీ. కొనేవాడు బేరమాడేది ఆ రెండో కూలీని మనసులో పెట్టుకునే. ఆ భయం ఎంత తీసేస్తే రేటు అంత పెట్టగలరు. ఎదురుగా స్టాండ్ మీద తిప్పి చూపించే షాపు ఎక్కువ అడగొచ్చు, సంచిలో కట్టి ఇచ్చే షాపు అడగలేదు.

రెండోచేయి
కొనేవాడి వైపు నుంచి నా మాట. నేను అద్దె ఇంట్లో ఉంటాను, అన్నీ ఇలాంటి షాపుల్లోనే కొంటాను. "ఫ్యాన్, పని చేస్తుంది" అని రాసి ఉన్న ట్యాగుని నేను నమ్మను. "1200 మి.మీ., గంట తిప్పాం, కొత్త కండెన్సర్ వేశాం, మూడు రెక్కలూ ఒకే సెట్టు, రెగ్యులేటర్ లేదు" అని రాస్తే బేరం కూడా ఆడను.

రెక్కల సంగతి మరీ ముఖ్యం. చూడ్డానికి ఒకేలా ఉండే రెండు ఫ్యాన్ల రెక్కలు కలిసిపోతే ఇక అంతే సంగతులు, పైన బిగించాక ఊగుడే ఊగుడు. తీసుకునే కౌంటర్ దగ్గరే మూడు రెక్కల్నీ తాడుతో మోటారుకి కట్టేసి ఒకే నంబరు వేయండి. రెక్క తగ్గిన ఫ్యానుకి పూర్తి రేటు పెట్టే షాపులని కూడా చూశాను. అది ఫ్యాను కాదండీ, మోటారు.

మిట్టమధ్యాహ్నం
అందరూ కొనే రోజు ఖర్చే మాట్లాడుతున్నారు. పాత ఇండక్షన్ మోటారు ఫ్యాను, అంటే మామూలు ఫ్యాను, ఫుల్ స్పీడులో సుమారు 75 వాట్లు తాగుతుంది. ఇప్పటి బీఎల్‌డీసీ ఫ్యాన్లు (లోపల ఎలక్ట్రానిక్ బోర్డుతో నడిచే, కరెంటు తక్కువ తాగే రకం) 30 వాట్లలో అదే గాలి ఇస్తున్నాయి. రోజుకి 12 గంటలు తిరిగితే తేడా సగం యూనిట్ పైన, ఏడాదికి సుమారు 197 యూనిట్లు. పేదవాళ్లకి మేలు చేస్తున్నామని చవగ్గా ఇచ్చి కరెంటు బిల్లు వాళ్ల నెత్తిన పెడుతున్నారు. పాత ఫ్యాన్లు అసలు అమ్మకుండా తూకానికి వేసేయాలని నా అభిప్రాయం. దానికి తోడు పాతకాలం డబ్బా రెగ్యులేటర్ ఉంటే, స్పీడు తగ్గించినా మిగిలే కరెంటులో కొంత ఆ డబ్బాలో వేడిగా పోతుంది.

లెక్కల_గది
197 లెక్క కరెక్టే, 12 గంటలు తిరిగితే. సామాన్ల గదిలోనో వరండాలోనో రోజుకి 2 గంటలు తిరిగేదానికి అదే తేడా ఏడాదికి 33 యూనిట్లు. దాని కోసం బాగున్న మోటారుని పగలగొట్టించడం నాకు నచ్చదు. ట్యాగు మీద వాట్లు రాయండి, ఎక్కడ బిగిస్తారని అడగండి. పడకగదికి అంటే బీఎల్‌డీసీ ఉంటే చూపించండి. నిర్ణయం వాళ్లది.

మిట్టమధ్యాహ్నం
అడిగితే అందరూ వరండాకే అంటారు :) ఒప్పుకుంటాను, వాట్లు రాయడం మంచిదే. కానీ 75 వాట్ల ఫ్యానుకీ 30 వాట్ల ఫ్యానుకీ ఒకే రేటు మాత్రం పెట్టకండి.

స్క్రూడ్రైవర్
బీఎల్‌డీసీ మాట వచ్చింది కాబట్టి ఒక హెచ్చరిక. వాటికి ఎక్కువ రేటు పెట్టే ముందు రిమోట్ ఉందో లేదో చూడండి. రిమోట్ లేకుండా వచ్చినవాటిలో కొన్ని గోడ స్విచ్ ఆన్ ఆఫ్ చేస్తే స్పీడు మారతాయి, కొన్ని మారవు. లోపల సర్క్యూట్ బోర్డు పోతే చాలావరకు వీధి మెకానిక్ దగ్గర దొరకదు, ఆ కంపెనీదే వెతకాలి, ఆ మోడల్ ఆగిపోయి ఉంటే అదీ దొరకదు. పాత ఇండక్షన్ ఫ్యానుకి ఆ బాధ లేదు. అందుకే రిమోట్ లేని బీఎల్‌డీసీకి నేనైతే మామూలు ఫ్యాన్ రేటు కూడా ఇవ్వను. ఇంకోటి, దాన్ని మామూలు రెగ్యులేటర్ మీద నడపకూడదు, నేరుగా స్విచ్‌కే ఇవ్వాలి. ట్యాగు మీద రాయకపోతే ఎవరో ఒకరు పాత రెగ్యులేటర్‌కి తగిలించి బోర్డు కాల్చుకుని మీ మీదకొస్తారు.

తూనికరాయి
వ్యాపారుల మీద అంత కోపం ఎందుకు నీలిగొడుగు గారూ? డబ్బు డబ్బే. వాళ్లు కొన్నా మీ సేవా పనికే చేరుతుంది. గోడౌన్ ఖాళీ అవుతుంది. ఒక్కో ఫ్యాను కోసం నలుగురితో బేరం ఆడేకంటే నయం.

రెండోచేయి
తూనికరాయి గారూ, నేను తెరిచే టైముకి డ్యూటీలో ఉంటాను. సాయంత్రం వచ్చేసరికి మంచివి పోతాయి. అదే ఫ్యానుకి రంగు కొట్టి రెండు వీధుల అవతల రెట్టింపుకి అమ్ముతున్నారు. దానం ఇచ్చినాయన ఎవరికి ఇచ్చినట్టు?

తూనికరాయి
షాపు పెట్టింది సేవకి డబ్బు సంపాదించడానికా, సరుకు చవగ్గా పంచడానికా? ఆ రెండిట్లో ఏదో ముందు తేల్చుకోవాలి. రెండూ ఒకే ట్యాగులో రావు.

లెక్కల_గది
వస్తాయి, కాస్త ఓపిక ఉంటే. వ్యాపారి ఎందుకు వస్తున్నాడు? మీ రేటుకీ బయటి రేటుకీ మధ్య తనకి కూలీ గిట్టేంత సందు ఉంది కాబట్టి. మీరు పరీక్ష చేసి, తుడిచి, కండెన్సర్ వేసి సరైన రేటు పెడితే ఆ సందు పూడిపోతుంది, ఇంట్లో వాడుకునేవాడికి మాత్రం గిట్టుతుంది. వ్యాపారి తీసుకుపోతున్నది మీరు చేయని పని విలువే. ఇక నిజంగా చేతిలో డబ్బు లేని కుటుంబం వస్తే ట్యాగు మీద గీత కొట్టి తగ్గించే అధికారం కౌంటర్‌లో ఒకరికి ఇవ్వండి. అందరికీ చవక చేస్తే ముందు వచ్చేది లేనివాళ్లు కాదు, తీరిక ఉన్నవాళ్లు.

నెమలికన్ను
మా షాపులో మనిషికి రోజుకి రెండు ఫ్యాన్లే అని రూల్ పెట్టాం. వ్యాపారులు బావమరుదుల్ని తీసుకురావడం మొదలుపెట్టారు. రూల్ ఇంకా ఉంది, బావమరుదులూ ఉన్నారు.

గ్రామఫోన్_పిన్ను
ఆలస్యంగా వచ్చాను. ఒక మాట ఎవరూ అనలేదు. బరువుగా, పోత ఇనుము బాడీతో, చెక్క రెక్కలతో ఏదైనా వస్తే పై లెక్కలన్నీ పక్కన పెట్టండి. అలాంటివి తిరగకపోయినా సేకరించేవాళ్లు కొంటారు. కరెంటు సీలింగ్ ఫ్యాను ఏమీ నిన్నటి వస్తువు కాదు, 1882లోనే ఫిలిప్ డీల్ అనే ఆయన కుట్టుమిషన్ కోసం చేసిన మోటారుని సీలింగ్‌కి ఎక్కించాడు. ఆ తరం ఫ్యాన్లు ఇప్పటికీ అటకల మీంచి దిగుతుంటాయి.

పాతది కనబడితే చేయకూడనివి చెబుతాను. రంగు వేయకండి, ఇత్తడి భాగాన్ని తళతళ మెరిసేలా తోమకండి. ఆ మసకే వాళ్లకి కావాలి. ముఖ్యంగా, పని చేస్తుందేమో చూద్దాం అని ప్లగ్గులో పెట్టకండి. అప్పటివాటిలో డీసీ కరెంటు మీద నడిచేవి ఉన్నాయి, ఏసీ ఇస్తే పాడవుతాయి. పేరు పలక శుభ్రంగా ఫొటో తీసి, తెలిసినవాళ్లకి చూపించాకే రేటు. కుదిరితే వేలం పెట్టండి, ట్యాగు వద్దు. అయితే పాతదల్లా పురాతనం కాదు. ముప్ఫై ఏళ్ల మామూలు ఫ్యాను ముసలి ఫ్యానే.

మిట్టమధ్యాహ్నం
పేరు పలక అంటే గుర్తొచ్చింది. వేరే దేశం నుంచి సామాన్లతో తెచ్చుకున్న ఫ్యాన్లు కూడా దానంగా వస్తుంటాయి. 110, 120 వోల్టులదాన్ని 230కి తగిలిస్తే పొగే. పలక చదవకుండా ఏదీ స్టాండ్ ఎక్కించొద్దు. పలకే లేకపోతే?

వైండింగ్_వీరుడు
పలక లేకపోతే ముందు సీరీస్ బల్బు పెట్టి, అంటే కరెంటు ఒక బల్బు గుండా ఫ్యానుకి వెళ్లేలా కలిపి, చూడాలి, అది ఎలక్ట్రీషియన్ వచ్చిన రోజే. వోల్టేజ్ తేలకపోతే తూకానికి.

నీలిగొడుగు
చాలా విషయాలు తెలిశాయి, థాంక్స్. ఇంకో తలనొప్పి ఉంది. ఒక హాస్టల్ వాళ్లు ఫ్యాన్లన్నీ మార్చేస్తున్నారు, పాతవి మొత్తం మాకే ఇస్తామంటున్నారు. అన్నీ ఒకే మోడల్, ఒకే వయసు. సంతోషపడాలో భయపడాలో తెలియడం లేదు.

లెక్కల_గది
ఒకే మోడల్ కావడం వరం. రెండు గదులకి ఒకేలాంటివి కావాలని వెతికేవాళ్లు ఎప్పుడూ ఉంటారు, సెకండ్‌హ్యాండ్‌లో జత దొరకడమే కష్టం. జతగా తీసుకుంటే తగ్గింపు ఇవ్వకండి, అవసరమే లేదు. ఎక్కువ మొత్తంలో తీసుకునేవాళ్లకి ఇవ్వండి. చిన్న స్కూళ్లు, ట్యూషన్ సెంటర్లు, ఆశ్రమాలు. అన్నీ ఒకేసారి షాపులో పరచకండి. గుట్ట చూస్తే ఎవరికైనా బేరం ఆడబుద్ధేస్తుంది.

చలికాలంలో ఫ్యాన్ల రేటు తగ్గించి అమ్మేకంటే, చోటు ఉంటే దాచి ఎండలు మొదలయ్యే ముందు బయటికి తీయడం మేలు. చోటు లేకపోతే ఆ మాట వదిలేయండి, ఫ్యాను ఆక్రమించిన మూలలో ఇంకేదో అమ్ముడయ్యేది.

వైండింగ్_వీరుడు
హాస్టల్ ఫ్యాన్లు అంటే పగలూ రాత్రీ తిరిగినవి. బేరింగులు అన్నిటికీ మారుస్తామనుకునే రేటు లెక్క వేసుకోండి. మంచి సంగతి ఏంటంటే, ఒకే మోడల్ కాబట్టి పాడైనవాటి భాగాలు బాగున్నవాటికి పనికొస్తాయి. కొన్నిటిని విడదీసి కప్పులు (రాడ్డు చివర్లని మూసే మూతలు), రాడ్లు, షాకిళ్లు (రాడ్డుని హుక్కుకి తగిలించే ఇనుప కొక్కేలు) విడిగా అమ్మండి. కప్పు పగిలినవాళ్లు, పొడవు రాడ్డు కావాల్సినవాళ్లు దాని కోసం షాపులన్నీ తిరుగుతుంటారు. రెక్కలు మాత్రం విడిగా ఒక్కొక్కటి అమ్మకండి, సెట్టుగానే.

స్క్రూడ్రైవర్
రేటు ఎంతైనా పెట్టుకోండి, పై నుంచి పడకుండా చూసే భాగాల దగ్గర పిసినారితనం వద్దు. ప్రతి ఫ్యానుతో కొత్త స్ప్లిట్ పిన్నులు, కొత్త రబ్బరు బుష్, షాకిల్‌కి బోల్టు నట్టు చిన్న కవర్లో పెట్టి ఇవ్వండి. వీటి ఖర్చు లెక్కలోకి రానంత తక్కువ, ఫ్యాను రేటులో కలిపేయండి. పాత పిన్ను ఒకసారి వంచి తీశాక మళ్లీ వాడకూడదు. షాకిల్ తుప్పు పట్టి పొర లేస్తుంటే మార్చాలి. రాడ్డు మర సరిగా కూర్చోకపోతే ఆ రాడ్డు పారేయాలి. నాలుగు కిలోల చుట్టూ ఉండే వస్తువు తలమీద వేలాడుతుంది.

మీరు అమ్మొద్దనుకున్న ఫ్యాన్ల వైర్లు మోటారు దగ్గరికి కత్తిరించేయండి. లేకపోతే చెత్తలోంచి ఎవరో తీసుకుని ఇంట్లో బిగించుకుంటారు.

రెండోచేయి
వాపసు సంగతి? నేను కొన్న చోట వాపసు అన్న మాటే ఉండదు.

నెమలికన్ను
మేం వారం లోపు తెస్తే మార్చి ఇస్తాం, డబ్బు తిరిగి ఇవ్వం. తిప్పి చూడనివాటికి అదీ లేదు, అది ట్యాగు మీదే ఉంటుంది. ఎక్కువగా వెనక్కి వచ్చేది "హమ్మింగ్ వస్తోంది" అని. తెచ్చినదాన్ని స్టాండ్ మీద నేరుగా స్విచ్‌కి ఇచ్చి చూపిస్తాం. చప్పుడు లేకపోతే లోపం వాళ్లింట్లో రెగ్యులేటర్‌ది. గుండ్రంగా, మెట్లు లేకుండా తిరిగే ఎలక్ట్రానిక్ డిమ్మర్లతో తక్కువ స్పీడులో ఆ మోత వస్తుంటుంది. మెట్ల రెగ్యులేటర్ మార్చుకుంటే చాలావరకు పోతుంది. అమ్మేటప్పుడే ఈ ఒక్క ముక్క చెప్పడం మొదలుపెట్టాక వాపసులు బాగా తగ్గాయి.

నీలిగొడుగు
మాలో మాట్లాడుకుని ఇలా అనుకున్నాం. తిప్పి చూడనిది తూకం రేటు మీద కొంచెం, వాపసు లేదు. స్టాండ్ మీద గంట తిరిగినదానికి చవకరకం కొత్త ఫ్యాను ధరలో మూడో వంతు. కండెన్సర్, బేరింగులు కొత్తవి వేస్తే ఆ ఖర్చు పైన కలిపి సగం దాటకుండా. రిమోట్‌తో ఉన్న బీఎల్‌డీసీకి సగం కంటే ఎక్కువ అడిగి చూస్తాం. నెల దాటినా కదలకపోతే ఒక మెట్టు కిందికి, ఇంకో నెలకి తూకానికి. స్టాండ్ చేయడానికి మా టీచర్‌గారి తమ్ముడు ఒప్పుకున్నారు, ఆయనకి వెల్డింగ్ షాపు ఉంది.

తూనికరాయి
దేని మీద మూడో వంతో ఆ కొత్త ధరని అప్పుడప్పుడూ బజార్లో కనుక్కుంటూ ఉండండి. అది మారితే మీ ట్యాగులూ మారాలి.

స్క్రూడ్రైవర్
స్టాండ్ హుక్కు వెల్డ్ చేయించాక ఇద్దరు మనుషులు పట్టుకుని వేలాడి చూడండి, తర్వాతే ఫ్యాను. చుట్టూ వల కంచె కూడా పెట్టించండి, షాపుకి పిల్లలు వస్తారు.

మిట్టమధ్యాహ్నం
తుడవడం ఎవరు చేస్తారు? జిడ్డు పట్టిన రెక్కలు చూస్తే మూడో వంతు కూడా ఎవరూ ఇవ్వరు.

నీలిగొడుగు
కాలేజీ పిల్లలు. సబ్బు నీళ్లు రెక్కలకి మాత్రమే, మోటారుకి పొడిగుడ్డ, అని గోడ మీద రాసి పెట్టాను.